హియరింగ్‌కు పోకపోతే ప్రాజెక్టు ఆగుతుందా?

పోయిన నెలలో ఒకరోజు రాత్రి పదిన్నరకు ఫోన్. "అన్నా, మా ఊళ్లో పబ్లిక్ హియరింగ్ పెట్టిన్రు. ఒక్కరం కూడా పోవద్దని తీర్మానం చేసుకున్నం. ఇగ ఆగినట్టే కదా?" గొంతులో ఎంత ధీమా ఉందో, అంత భయమూ ఉంది. లేదు తమ్ముడూ, ఆగదు అని చెప్పడానికి ముప్పావుగంట పట్టింది. పబ్లిక్ హియరింగ్ అంటే ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ఊరి జనం మాట వినే సభ.

మా పౌర సంఘంలో ఉన్నది పదకొండు మంది. మాస్టర్ ప్లాన్లు, రోడ్ల విస్తరణ, ఫ్యాక్టరీలు, క్వారీల మీద గడువులోగా అభ్యంతరాలు రాసి పెట్టడమే మా పని. ఈ ఒక్క అపోహ వల్ల ఊళ్లు నష్టపోయినంతగా మరే దానివల్లా నష్టపోవడం నేను చూడలేదు.

అపోహ: మనం బహిష్కరిస్తే హియరింగ్ జరగనట్టే.

వాస్తవం: 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ తీసి నాలుగో అనుబంధం చదవండి. హియరింగ్ మొదలుపెట్టడానికి కోరం, అంటే కనీసం ఇంతమంది ఉండాలన్న లెక్క, అక్కర్లేదని అందులో స్పష్టంగా ఉంది. టెంటు కింద పది మందే ఉన్నా కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ గానీ కూర్చుంటారు, వీడియో తీస్తారు, ఎవరేం మాట్లాడారో మినిట్స్ రాస్తారు. కాగితాలు కాలుష్య నియంత్రణ మండలి ద్వారా పైకి పోతాయి. అనుమతి ఇవ్వాలా వద్దా అని చూసే నిపుణుల కమిటీ మామూలుగా మన ఊరికి రాదు. హియరింగ్ గురించి వాళ్ల ముందు ఉండేది ఆ మినిట్సూ ఆ వీడియోనే. గేటు బయట మనం గొంతు చించుకున్నది అందులో ఉండదు.

ఇంకో మాట చాలామందికి తెలియదు. గొడవల వల్ల జనం స్వేచ్ఛగా మాట్లాడే పరిస్థితి లేదని అధికారులు నివేదిక పంపితే, హియరింగ్ లేకుండానే ముందుకు పోవచ్చని నిర్ణయించే వీలు అదే నోటిఫికేషన్‌లో ఉంది. కుర్చీలు విరగ్గొట్టమని మనల్ని రెచ్చగొట్టేవాళ్లు ఎవరి మేలు కోరుతున్నారో ఒక్కసారి ఆలోచించండి.

ఇదంతా ముందునుంచే తెలుసని గొప్పలు పోవడం లేదు. కొన్నేళ్ల కింద ఒక సున్నపురాయి గని హియరింగ్‌కు మేమే బహిష్కరణ పిలుపు ఇచ్చాం. రెండు వందల మందిమి ఎండలో బయట కూర్చున్నాం. లోపల కంపెనీ తెచ్చిన మనుషులు వరుసగా లేచి ఉద్యోగాలు వస్తాయని చెప్పి భోజనాలకు పోయారు. తర్వాత ఆర్టీఐ పెట్టి మినిట్స్ తెప్పించుకుంటే, మొత్తం వెతికినా 'బోరు' అన్న మాట ఒక్కచోట లేదు. మా ఊళ్ల బాధంతా బోర్లదే.

"మరి కామారెడ్డిలో ఆగలేదా?" అని ప్రతిచోటా అడుగుతారు. ఆగింది. పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రైతులు రోడ్డెక్కితే, 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అది పట్టణ మాస్టర్ ప్లాన్, అందులో కౌన్సిల్‌కు పాత్ర ఉంటుంది. పర్యావరణ అనుమతి సంగతి వేరు, దాని తాళం మన ఊళ్లో ఉండదు. ధర్నా చేయొద్దని నేను అనను. పొద్దున ధర్నా చేయండి, పదకొండింటికి లోపలికి పోయి మైకు తీసుకోండి.

అపోహ: హాజరు పట్టీలో సంతకం పెడితే ఒప్పుకున్నట్టే.

కాదు. భయంగా ఉంటే సంతకం పక్కనే "నాకు అభ్యంతరం ఉంది" అని రాయండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరడిగినా పెట్టొద్దు.

అపోహ: భూసేకరణకు అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు టైముంది.

2013 చట్టం కింద అయితే నిజమే. జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ నోటిఫికేషన్ (రోడ్డుకు మీ భూమి తీసుకుంటామన్న ప్రకటన) వస్తే 21 రోజులే. రెండూ కలిపేసుకుని, తీరిగ్గా నలభయ్యో రోజున మా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల ముఖం చూసి ఏం చెప్పాలో తోచదు. అభ్యంతరం పెడితే పరిహారం కోస్తారన్నది ఒట్టి పుకారు. పరిహారం లెక్క చట్టంలో ఉంది, మీ మీద కోపాన్ని బట్టి మారదు.

అపోహ: వాట్సాప్ మ్యాప్‌లో ఎర్ర గీత మా ఇంటి మీదుగా పోయింది, ఇల్లు పోయినట్టే.

ఆ మ్యాప్ గీసిందెవరు? సర్వే నంబరుతో నోటిఫికేషన్ వచ్చిందా? రాకపోతే ముందు నిద్రపోండి. మాస్టర్ ప్లాన్‌లో జోన్ రంగు మారినంత మాత్రాన పట్టా మారదు. కానీ రేపు ఇల్లు కట్టడానికి పర్మిషన్ దగ్గర తేడా వస్తుంది కాబట్టి అభ్యంతరం మాత్రం గడువులోపే రాయండి. ఐదు వందల మంది ఒకే జిరాక్స్ మీద సంతకాలు పెడితే అధికారికి అది ఒకే అభ్యంతరం. మీ సర్వే నంబరు, మీ బావి, మీ బడి దారి రాయండి, తెలుగులోనే. రెండు కాపీలు తీసుకెళ్లి, ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్‌లో ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీతో స్టాంపు, నంబరు వేయించుకోండి. "తర్వాత రండి" అంటే అక్కడే నిలబడండి. ఆ ఊదారంగు ముద్ర లేని కాగితంతో తర్వాత ఎక్కడికి పోయినా లాభం లేదు.

మళ్లీ హియరింగ్ సంగతి. జనం చెప్పినవన్నీ చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించి, అధికారి అదే రోజు సంతకం చేయాలి. అప్పటికి సాయంత్రమవుతుంది, సగం మంది వెళ్లిపోతారు. ఇటీవల ఒక క్వారీ విస్తరణ హియరింగ్‌లో డెబ్బై దాటిన ఒక అవ్వ మాత్రం కదల్లేదు. పొద్దున మైకులో తన బోరు గురించి రెండే మాటలు చెప్పింది. అధికారి ఫైలు మూయబోతుంటే కొంగు నడుముకు చుట్టి లేచి అడిగింది: "బిడ్డా, నా బోరు ముచ్చట రాసిన్రా? ఏదీ, సదువు." రాయలేదు. అప్పటికప్పుడు రాసి, చదివి వినిపించాకే సంతకం పడింది.