పొదలో పెరిగే బాణం

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

మీరు పంపిన బాణం అందింది. పట్టుమని పది అడుగులు పోకుండానే పక్కకు తిరిగిపోతోందని రాశారు కదా, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. చెక్కపలక నుంచి కోసి గుండ్రంగా చెక్కిన పుల్ల అది. దాని మీది చారలు గమనించండి. ఈ చివర మొదలైన చార ఆ చివరి దాకా పోవడం లేదు, మధ్యలోనే జారి పక్కకు వచ్చేస్తోంది. అంటే అక్కడ నార తెగిందన్నమాట. కర్ర విరిగేది అక్కడే. నారి వదిలే క్షణంలో విరిగితే ఆ పేడు నేరుగా మీ చేతిలో దిగుతుంది. దాన్ని ఇంక వాడొద్దు.

పొదలో నిటారుగా మొలిచిన కొమ్మకు ఆ భయం తక్కువ. దాని నారలన్నీ మొదలు నుంచి కొస దాకా తెగకుండా ఉంటాయి. బాణం పొదలోనే పుడుతుందని మన మాటలే చెబుతున్నాయి. శరం అంటే బాణం, రెల్లు కూడా. కాండం అంటే చెట్టు కాండం, బాణం కూడా. నిఘంటువు తీసి చూసుకోండి.

1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో ఒక మనిషి దేహం దొరికింది. ఓట్జి అని పేరు పెట్టారు. దాదాపు 5,300 ఏళ్ల నాటివాడు. అతని అంబులపొదిలో 14 బాణాలున్నాయి. వాటిలో పూర్తయినవి రెండే, మిగతా 12 ఇంకా తయారు కావలసిన పుల్లలు. ఎక్కువగా వైబర్నమ్ అనే పొద కొమ్మలు. ఆ సగం పని చేసిన పుల్లల గురించి చదివినప్పుడల్లా నాకు మనసు కదులుతుంది. బాణం చేయడానికి ఎంత ఓపిక కావాలో అతనికీ తెలుసు.

ఇక పనిలోకి వద్దాం. సగం పని ఎంపికలోనే ఉంది. చలికాలంలో, ఆకు రాలి పొద నిద్రపోతున్నప్పుడు కోయాలి. అప్పుడు కొమ్మలో నీరు తక్కువ, పగుళ్లూ తక్కువే. ఒకటి రెండేళ్ల వయసున్న, పక్క కొమ్మలు వెయ్యని రెమ్మలు వెతకండి. నరికిన మోడు నుంచి మళ్లీ మొలిచినవి, వెలుగు కోసం గుంపులో పోటీపడి పైకి సాగినవి బాగుంటాయి. లావు మీ చిటికెన వేలంత. పొడవు కావలసినదాని కంటే జానెడు ఎక్కువే ఉంచండి, ఎండేటప్పుడు చివర్లు పగులుతాయి. పది కోస్తే నాలుగైదు బాణాలు నిలుస్తాయి. అలాగని పొదనంతా బోడి చెయ్యొద్దు. పెద్దవాళ్లను తోడు తీసుకెళ్లండి, ఆ పొద ఎవరిదో వాళ్లను అడిగి కొయ్యండి.

బెరడు తియ్యకుండా, గట్టిగా మూటకట్టి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోయి చీలుతుంది. నెలలు పడుతుంది. వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిందంటే ఎండినట్టే.

వంపు తీయడమే నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. బెరడు తీసిన పుల్లను ఒక కన్ను మూసి కొస నుంచి చూస్తే వంపు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆ చోటును మాత్రమే నిప్పుల సెగకు, మంటకు కాదు, తిప్పుతూ చూపించాలి. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే చాలు, రంగు మారకూడదు. కర్రలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, వేడికి అది మెత్తబడుతుంది. మందపాటి గుడ్డతో పట్టుకుని, వంపుకు ఎదురు దిశలో కాస్త ఎక్కువే వంచి, పూర్తిగా చల్లారే దాకా కదలకుండా పట్టుకోండి. తొందరపడి వదిలితే మళ్లీ పాత వంపుకే పోతుంది. మర్నాడు మళ్లీ చూడండి, కొంచెం తిరిగి ఉంటుంది. మళ్లీ చెయ్యాలి. సెగ దగ్గర పని పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే.

ఇప్పుడు గీకడం. నేను మొదటి బాణాన్ని పాడుచేసింది ఇక్కడే. నున్నగా, అందంగా రావాలని గీకుతూనే పోయాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది, వదిలితే మాత్రం ప్రతిసారీ కుడికి పోయింది. చాలా రోజులకు గానీ కారణం తెలియలేదు. పుల్ల బిగువు, అంటే వంగకుండా నిలిచే బలం, దాని లావు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 10 మిల్లీమీటర్ల పుల్లను 9కి తెస్తే లావు తగ్గేది పదో వంతే, బిగువు మాత్రం మూడో వంతు పోతుంది. మధ్యలో బెండు మెత్తగా ఉన్నా ఏమీ కాదు, బిగువంతా పై పొరల్లోనే ఉంటుంది. మనం గీకి పారేసేది సరిగ్గా ఆ పొరలనే.

బిగువుతో పనేమిటంటారా? నారి వదలగానే బాణం నిటారుగా పోదు. వెనక నుంచి తోపు తగిలి వంగుతుంది, వంగుతూ విల్లు కర్రను తప్పించుకుని, అటూ ఇటూ ఊగుతూ తిన్నబడుతుంది. కుడిచేత్తో నారి లాగేవాళ్లకు, మరీ మెత్తనైతే కుడికి, మరీ బిగువైతే ఎడమకు పోతుంది. అందుకే పుల్లల రెండు చివర్లూ ఆనించి, నడుమ ఒకే బరువు వేలాడదీసి చూడండి. ఒకేలా కుంగినవన్నీ ఒక జట్టు.

లావు మొదలు ముందుకు, సన్నటి కొస ఈకల వైపు పెట్టుకోండి. ముందు బరువుంటే బాణం తిన్నగా పోతుంది. కొసన నారి పట్టే గాడి కోసి, చీలకుండా గాడి కిందనే దారం బిగించి చుట్టండి. రాలిన ఈకలే మూడు తీసుకుని, ఈనెను నిలువుగా చీల్చి, సమాన దూరంలో అంటించండి. మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి, ఎందుకంటే ఆ వంపే బాణాన్ని తిప్పుతుంది. రెండు రెక్కలవి కలిపితే ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఒక ఈక గాడికి అడ్డంగా ఉండాలి, మిగతా రెండూ విల్లును సులువుగా దాటిపోతాయి. ఓట్జి బాణాలకూ మూడు ఈకలే, బర్చ్ అనే చెట్టు తారు పూసి సన్నటి దారం చుట్టి ఉన్నాయి.

ములికి మీకు అక్కర్లేదు, కొన మొద్దుగా గుండ్రంగా ఉంచండి. గడ్డిమోపు మీదికి తప్ప, మనిషి మీదికి గానీ ప్రాణి మీదికి గానీ ఎక్కుపెట్టవద్దు. వేసే ముందు ప్రతిసారీ బాణాన్ని చెవి దగ్గర కొంచెం వంచి వినండి. చిటుక్కుమంటే అది పొయ్యిలోకే.

ఈ చలికాలం కోసిన పుల్లలు ఎండేసరికి ఎండలు ముదురుతాయి. గీకడం మొదలుపెట్టే ముందు ఒక్కసారి కబురు చెయ్యండి, ఎక్కడ ఆపాలో పక్కన కూర్చుని చూపిస్తాను.

ప్రేమతో,
తాతయ్య