చవక గిటార్లు, ఖరీదైన గిటార్లు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ గిటార్ల మరమ్మతు, సెటప్ (తీగల ఎత్తు, శ్రుతి వంటివి సరిచేసే పని) చేసే నా బల్ల మీదికి వచ్చే వాయిద్యాలలో ఎక్కువభాగం ఇండోనేషియాలోనో చైనాలోనో తయారై, పాతిక ముప్పయి వేల రూపాయల ధరకు అమ్ముడైనవే. వాటిని తెచ్చేవారిలో చాలామంది బాగుచేయించుకోవడానికి కాక, ఒక తీర్పు వినడానికి వస్తారు. ‘‘ఇది చవకది కదండీ, అమ్మేసి అసలైనది కొనమంటారా?’’ అని అడుగుతారు. అసలైనది అంటే వారి ఉద్దేశంలో అమెరికాలో తయారైన ఫెండరో గిబ్సనో, అంటే రెండు లక్షలు దాటే వస్తువు. ఈ ప్రశ్న వెనుక ఉన్న అపోహకు జనం చెల్లిస్తున్న మూల్యం పెద్దది కనుక దాని గురించే వివరంగా రాస్తాను, మిగిలినవాటిని త్వరగా ముగిస్తాను.

అపోహ: వాయించడం కష్టంగా ఉన్నా, శ్రుతి నిలవకపోయినా, గిటార్ చవకది కావడమే కారణం.

వాస్తవం: ఒకే వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే ఎఫ్ బారె కార్డ్ పలకకపోవడం, మొదటి మూడు ఫ్రెట్లలో (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీలలో) కార్డులు అపశ్రుతిగా వినిపించడం, తీగను పక్కకు లాగి (బెండ్ చేసి) వదిలితే మళ్ళీ తన శ్రుతికి రాకపోవడం, ఇవన్నీ దాదాపు ఎప్పుడూ సెటప్ లోపాలే. వీటిలో మొదటి దోషి నట్, అంటే నెక్ పై చివర తీగలు ఆనే గాడుల పట్టీ. నట్ గాడిని అవసరానికి మించి లోతుగా కోస్తే ఆ నట్ పనికిరాదు, కొత్తది వేయాల్సిందే. అందువల్ల తక్కువ ధర గిటార్లు చేసే ఫ్యాక్టరీలు గాడులను కాస్త ఎత్తుగానే వదిలేస్తాయి, ఎందుకంటే ఆరు గాడులను ఒక్కొక్కటిగా కొలిచి ఆకురాయితో సరిచేసే మనిషి సమయాన్ని ఆ ధర భరించలేదు. నట్ ఎత్తుగా ఉంటే మొదటి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కడానికి ఎక్కువ బలం కావాలి. అంతేకాక, నొక్కినప్పుడు తీగ అదనంగా సాగి స్వరం పది పదిహేను సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) పైకి పోతుంది. ఖాళీ తీగలన్నీ ట్యూనర్‌లో సరిగ్గా చూపిస్తున్నా ‘ఈ’ (E) మేజర్ కార్డ్ చెవికి గుచ్చుకోవడానికి కారణం ఇదే. దీన్ని ఎవరైనా ఇంట్లోనే పరీక్షించవచ్చు. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద ఎంత ఖాళీ ఉందో చూడండి. పలుచని కాగితం దూరేంత ఉంటే చాలు. దళసరి అట్టముక్క దూరేంత ఉంటే మీ వేళ్ళ తప్పేమీ లేదు.

ఈ చివరి మాట నేను ఊరికే రాయలేదు. వరంగల్ నుంచి ఒక తండ్రి ఇంటర్మీడియట్ చదువుతున్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ అమ్మాయి తన వేళ్ళు పొట్టివని, గిటార్ తనకు రాదని అప్పటికే నిశ్చయించుకుంది. ఆమె నేర్చుకునే చోట మాస్టారు మాత్రం లోపం గిటార్‌లో ఉందని, ‘‘ఈ చెక్కతో ఏమీ రాదు, మంచిది కొనండి’’ అని చెప్పారట. తండ్రి బంగారం కుదువబెట్టడానికి సిద్ధపడి, ఏ మోడల్ కొనాలో చెప్పమని అడగడానికి వచ్చారు. నేను ఆ గిటార్‌ను బల్ల మీద పెట్టి నట్ గాడులు దించాను, ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) బిగించి నెక్ వంపును తగ్గించాను, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తును 1.6 మిల్లీమీటర్లకు తెచ్చాను, శాడిళ్ళు (బాడీ వైపు తీగలు ఆనే ముక్కలు) జరిపి ఇంటొనేషన్ (నెక్ పొడవునా శ్రుతి) సరిచేసి, సన్నని 9–42 సెట్ తీగలు వేశాను. ఆ అమ్మాయి ఎఫ్ కార్డ్ పట్టి, ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా మీటి చూసుకుని, తండ్రి వైపు కూడా చూడకుండా వాయిస్తూనే ఉంది. తండ్రి మాత్రం ‘‘మరి మాస్టారు అలా ఎందుకన్నారు సార్?’’ అని అడిగారు. బాగా వాయించడం ఒక విద్య, వాయిద్యాన్ని కొలవడం వేరొక విద్య అని మాత్రమే చెప్పగలిగాను. ఆయన లక్షన్నర అప్పు చేయబోయిన సమస్యకు అయిన ఖర్చు, తీగలతో కలిపి, రెండు వేల రూపాయలు దాటలేదు.

శ్రుతి నిలవడం లేదనగానే ట్యూనింగ్ కీలు మార్చేయడం ఈ అపోహకు తోబుట్టువు. నాలుగైదు వేలు పోసి, తీగను బిగించి పట్టే లాకింగ్ కీలు వేయించుకున్న తర్వాత కూడా అదే ఫిర్యాదుతో వచ్చేవారు ఉన్నారు. కీ తిప్పుతుంటే నట్ దగ్గర ‘టిక్’ మని చప్పుడు వచ్చి స్వరం ఒక్కసారిగా గెంతితే, తీగ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. గాడిని సరిచేయించి, పెన్సిల్ గ్రాఫైట్ కాస్త రాస్తే చాలా సందర్భాలలో అంతటితో సరిపోతుంది. కొత్త తీగలను వేసిన వెంటనే చేత్తో లాగి సాగదీయకపోవడం, కీ పోస్టుకు తీగను వదులుగా చుట్టడం కూడా ఇదే సమస్యను తెస్తాయి. కీలను చివరిగా అనుమానించాలి.

ఈ అపోహకు రెండో వైపు కూడా ఉంది. ఎక్కువ డబ్బు పెడితే సెటప్ అవసరమే ఉండదని అనుకోవడం. న్యూజెర్సీలో ఉండే బావగారి చేత అమెరికన్ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తెప్పించుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, జూలైలో దాన్ని పెట్టె విప్పి వాయించి, తీగల ఎత్తు మారిపోయిందని, ఫ్రెట్ల మీద గరగరమంటోందని, తనకు నకిలీది అంటగట్టారని బాధపడుతూ వచ్చారు. అది నకిలీ కాదు. హీటర్లు నడిచే పొడి ఇంట్లో శీతాకాలమంతా ఉన్న చెక్క మన వానాకాలపు తేమలోకి వచ్చి కదిలింది, అంతే. ట్రస్ రాడ్ ఉన్నదే అందుకు. కాలిఫోర్నియాలో కరోనా అనే ఊళ్ళోని ఫెండర్ ఫ్యాక్టరీలో ఎంత శ్రద్ధగా సెటప్ చేసినా, అది అక్కడి గాలికి చేసిన సెటప్ మాత్రమే. గిబ్సన్ లెస్ పాల్ విషయంలో మరొకటి కూడా చెప్పాలి: వెనక్కి 17 డిగ్రీల కోణంలో వాలి ఉండే దాని హెడ్‌స్టాక్ (కీలు ఉండే తల భాగం), ట్రస్ రాడ్ కోసం తొలిచిన చోటే సన్నబడి ఉండటం వల్ల, స్టాండు మీది నుంచి వెనక్కి పడితే విరిగే అవకాశం ఎక్కువ. అంత ధర పెట్టిన గిటార్ అలా విరగకూడదని యజమానులు నాతో వాదిస్తారు కాని, విరుపు ధరను బట్టి రాదు, ఆకృతిని బట్టి వస్తుంది.

అలాగని రెండూ ఒకటేనని నేను అనడం లేదు, ఆ మాట అనేవారి మీదా నాకు నమ్మకం లేదు. ఖరీదైన గిటార్‌లో మీరు కొంటున్నది ముఖ్యంగా మనిషి చేతి గంటలను. బాడీని, నెక్‌ను కోసేది రెండు చోట్లా కంప్యూటర్ యంత్రాలే. ఆ తర్వాత ఫ్రెట్లను సమంగా అరగదీయడం, వాటి అంచులను చేతికి గుచ్చుకోకుండా గుండ్రం చేయడం, ఫింగర్‌బోర్డ్ అంచును నునుపు చేయడం, నట్‌ను ఎముకతో చేసి అమర్చడం దగ్గర తేడా మొదలవుతుంది. స్విచ్చులు, పాట్లు (వాల్యూమ్, టోన్ తిప్పే భాగాలు), కేబుల్ గుచ్చే జాక్ వంటి చిన్న భాగాల మన్నికలోనూ తేడా ఉంటుంది. చవక గిటార్‌లో మొదట చెడేది జాకే. అన్నిటికన్నా పెద్ద తేడా నిలకడది. ఒకే మోడల్ ఖరీదైన గిటార్లు వరుసగా చూస్తే దాదాపు ఒకేలా ఉంటాయి, చవకవాటిలో ఒకటి అద్భుతంగా, పక్కది పన్నెండో ఫ్రెట్ లేచి ఉండవచ్చు. అందుకే చవకది ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం కన్నా దుకాణంలో ప్రతి తీగను ప్రతి ఫ్రెట్ దగ్గరా మీటి చూసి ఎంచుకోవడం మేలు. వారం వారం వేదికల మీద వాయించేవారికి, ఒక గిటార్ చెడితే ఆదాయం ఆగిపోయేవారికి ఆ నిలకడ కోసం డబ్బు పెట్టడం సబబే. మూడు కార్డులు నేర్చుకుంటున్నవారికి కాదు.

అపోహ: ఏ దేశంలో తయారైందో చూస్తే నాణ్యత తెలిసిపోతుంది.

వాస్తవం: ఇదే మాట ఒకప్పుడు జపాన్ గిటార్ల గురించి అన్నారు. 1977లో గిబ్సన్ మాతృసంస్థ, జపాన్ బ్రాండు ఐబనెజ్ అమెరికా పంపిణీదారు మీద హెడ్‌స్టాక్ ఆకారం విషయమై దావా వేయాల్సి వచ్చిందంటే, ఆ గిటార్ల పోటీని వారు ఎంత తీవ్రంగా తీసుకున్నారో ఊహించవచ్చు. 1982లో ఫెండర్ తన తక్కువ ధర బ్రాండైన స్క్వయర్ గిటార్లను జపాన్‌లోని ఫుజిజెన్ ఫ్యాక్టరీలో చేయించింది. ఆ తొలి జేవీ సిరీస్ గిటార్లను ఇవాళ సేకరణదారులు వెతికి మరీ కొంటున్నారు. ఇప్పుడు ఇండోనేషియాలోని కోర్‌టెక్ ఫ్యాక్టరీ స్క్వయర్లనూ, అమెరికా కంపెనీ పీఆర్ఎస్ వారి ఎస్ఈ గిటార్లనూ చేస్తోంది. ఒకే ఫ్యాక్టరీ వేర్వేరు ధరలకు వేర్వేరు స్థాయి పని చేసి ఇస్తుంది, ఎంత డబ్బుకు ఎంత పని అన్నది ఆర్డర్ ఇచ్చిన కంపెనీ నిర్ణయం.

అపోహ: చవక గిటార్ కాబట్టే ఆంప్లిఫయర్‌లో గుయ్‌మంటోంది.

వాస్తవం: సింగిల్ కాయిల్ పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) ఏ ధరదైనా గుయ్‌మంటుంది. ఆ రొద మన ఇంటి విద్యుత్తులోని 50 హెర్ట్జ్‌ది. దాన్ని తగ్గించడానికే గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ రెండు కాయిళ్ళను ఎదురెదురు దిశల్లో కలిపి హంబకర్‌ను రూపొందించారు. నా దగ్గరికి వచ్చే రొద ఫిర్యాదులలో చాలావాటికి మూలం గిటార్‌లో కాక గోడలో ఉంటుంది: మూడో పిన్నుకు ఎర్త్ లేని ప్లగ్గు, పక్కనే తిరిగే ఫ్యాను రెగ్యులేటర్. తీగలను చేత్తో తాకగానే రొద కాస్త తగ్గితే అది మామూలే. తాకగానే చేతికి జుమ్మని షాక్ తగిలితే మాత్రం వెంటనే వాయించడం ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఈ ఒక్క విషయంలో నాన్చకూడదు.

అపోహ: కొనగానే పికప్పులు మార్చాలి.

వాస్తవం: ముందు స్క్రూడ్రైవర్ తీయండి. స్ట్రాట్ తరహా గిటార్‌లో పికప్ మరీ ఎత్తుగా ఉంటే దాని అయస్కాంతాలు తీగను లాగి, పై ఫ్రెట్లలో స్వరం వణికినట్టు వినిపిస్తుంది. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి, మందపు తీగ వైపు రెండు మిల్లీమీటర్లు, సన్నతీగ వైపు అంతకన్నా కాస్త తక్కువ ఖాళీ ఉండేలా దించి, వారం రోజులు వాయించాక కూడా నచ్చకపోతే అప్పుడు మార్చండి. ఇక చెక్క గురించి ఒక్క మాట చాలు: 1950ల నుంచి డానెలెక్ట్రో కంపెనీ మేసనైట్ అట్టతో చేసిన గిటార్లను గొప్ప వాద్యకారులే వాయించారు. పాప్లర్ చెక్క బాడీ అని తెలిసి నిద్ర పాడుచేసుకోనక్కరలేదు.

అపోహ: పెద్ద బ్రాండు గిటార్ చవకగా దొరికితే వదులుకోకూడదు.

వాస్తవం: కొత్త గిబ్సన్ లెస్ పాల్ నలభై వేలకు దొరకదు. ఆ ధరకు ఆ పేరు రాసి ఉంటే అది నకిలీ, నకిలీని బాగుచేయడం నా శక్తికి మించిన పని. ఎందుకంటే అందులో ఏ భాగం ఏ కొలతలో ఉంటుందో చెప్పలేం. కొనేముందు ట్రస్ రాడ్ మూత విప్పి చూపించమని అడగండి. గిబ్సన్‌లో ఆ మూతకు రెండు స్క్రూలు, లోపల రాడ్‌ను బిగించే ఇత్తడి నట్ (బోల్టుకు ఉండేలాంటిది) ఉంటాయి. మూడు స్క్రూలు కనిపించినా, లోపల అలెన్ కీ (ఆరు పలకల పానా) పట్టే రంధ్రం ఉన్నా, అమ్మేవారు విప్పడానికి ఒప్పుకోకపోయినా బేరం అక్కడే వదిలేయండి. అదే డబ్బుకు తన సొంత పేరు మీద వచ్చే ఎపిఫోనో యమహానో కొని, సెటప్‌కు మరో రెండు వేలు పక్కన పెట్టుకోండి.