స్టీరింగ్ ప్లే: పాత కార్ల విషయంలో అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో చిన్న కార్ల ముందు చక్రాల పని మొదలుపెట్టి నాకు 20 ఏళ్లు దాటింది. “స్టీరింగ్ లూజైంది, ర్యాక్ మార్చేయండి” అంటూ మా షెడ్డుకు వచ్చే పాత కార్లలో ర్యాక్ నిజంగా పోయినవి తక్కువ. స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ కదలిక కాలమ్ (స్టీరింగ్ కింది కడ్డీ), దాని కింది జాయింట్, ర్యాక్ (ఆ తిప్పును పక్కలకు కదలికగా మార్చే పళ్ల కడ్డీ), టై రాడ్ ఎండ్ (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు చివరి కీలు) మీదుగా చక్రానికి చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ ఒక పక్క కదిలి రెండో పక్క కదలకుండా ఉంటుందో అక్కడే అరుగుదల ఉన్నట్టు. ఆ చోటు కనిపెట్టకుండా సామాను కొనడం డబ్బు దండగ.

అపోహ: స్టీరింగ్ వణికినా, పక్కకు లాగినా, లూజుగా ఉన్నా జబ్బు ఒక్కటే.

వాస్తవం: ఈ మూడూ వేరు. నెల్లూరు వైపు హైవే ఎక్కి 80 దాటాక మాత్రమే స్టీరింగ్ వణికితే మొదట వీల్ బ్యాలెన్సింగ్ చూసుకోవాలి. బండి ఒకే పక్కకు లాగుతుంటే టైర్లలో గాలితో మొదలుపెట్టాలి. స్టీరింగ్ కొంత తిరిగినా చక్రం కదలకపోవడమే ప్లే. మారుతి 800 వంటి కార్లలో రిమ్ దగ్గర కొలిస్తే 30 మిల్లీమీటర్ల దాకా, అంటే రెండు వేళ్ల వెడల్పుకు కాస్త తక్కువగా, ప్లే ఉండవచ్చు. అంతకు మించినా, ఆరు నెలల కిందటి కంటే పెరిగినట్టు మీ చేతికి తెలుస్తున్నా వెతకవలసిందే.

అపోహ: అలైన్‌మెంట్ చేయిస్తే ప్లే పోతుంది.

వాస్తవం: అలైన్‌మెంట్ చక్రాల కోణాలను సరిచేస్తుందే గాని అరిగిన కీలును బిగించదు. పైగా కీలు ఊగుతూ ఉండగా పెట్టిన కొలత షాపు గేటు దాటేలోపే మారిపోతుంది. కొత్తపట్నం నుంచి ఒక మాస్టారు తన పాత కారుకు రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించి, ఆపైన కొత్త ర్యాక్ వేయాలని ఎవరో చెప్పగా మా దగ్గరికి తెచ్చారు. డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ పైకెత్తి, స్టీరింగ్‌ను అటూ ఇటూ ఆడించమని ఆయనకే చెప్పి చూస్తే, కాలమ్ అడుగున ఉండే జాయింట్‌లో పై ముక్క తిరుగుతున్నది, కింది ముక్క ఒక క్షణం ఆగి ఆ తరువాత కదులుతున్నది. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఆ జాయింట్ లోపలి కప్పులు అరిగిపోయాయి. ర్యాక్ మాత్రం శుభ్రంగా ఉంది. మాస్టారు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అపోహ: అరుగుదల ఎక్కడుందో లిఫ్టు ఉన్న చోటే తేలుతుంది, ఇంటి దగ్గర సాధ్యం కాదు.

వాస్తవం: సమతలమైన నేల, తోడుగా ఒక మనిషి ఉంటే చాలావరకు తేలుతుంది. చక్రాలు నేల మీద నిటారుగా ఉండగా, లాక్ పడకుండా తాళం తిప్పి ఉంచి, తోడు మనిషిని స్టీరింగ్‌ను గడియారంలో 11కీ 1కీ మధ్య మాత్రమే చిన్నగా, త్వరగా ఆడించమనండి. పవర్ స్టీరింగ్ ఉన్న బండి అయితే ఇంజిన్ నడుస్తూ ఉండాలి. ఆపి ఉంచితే దాని లోపలి నిర్మాణం వల్ల వచ్చే చిన్న కదలిక కూడా ప్లే లాగే అనిపిస్తుంది. అలా నడుస్తున్నప్పుడు గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ బిగించి ఉండాలి. మీరు చక్రం వెనక నుంచి చెయ్యి పోనిచ్చి, టై రాడ్ ఎండ్ మీద రెండు వేళ్లు, సగం రాడ్డు మీదా సగం చక్రం వైపు ఆర్మ్ మీదా పడేలా ఆనించండి. కీలు అరిగి ఉంటే చెవికి వినబడక ముందే వేళ్లకు ‘టక్’ అని తగులుతుంది. అక్కడ ఏమీ లేకపోతే ర్యాక్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు చూడండి. ర్యాక్ మొత్తం పక్కకు జరుగుతుంటే పోయినవి ఆ బుష్‌లే. చీమకుర్తి గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద నడిచే కార్లలో ఇది నేను తరచుగా చూస్తుంటాను.

తరువాతి పరీక్షకు జాకీ కావాలి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ముందు చక్రం ఒకటి లేపి, జాకీని నమ్మకుండా స్టాండు కూడా పెట్టండి. ఎంత తొందరైనా బండి కిందికి దూరవద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపినప్పుడు కదిలితే అనుమానం చక్రం తిరిగే బేరింగ్ మీద గాని, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్ మీద గాని పెట్టుకోవాలి. అప్పుడు లోపల ఉన్న మనిషి బ్రేకు తొక్కితే కదలిక ఆగిపోయిందంటే బేరింగ్, ఆగలేదంటే బాల్ జాయింట్ అని లెక్క. కుడి ఎడమలు పట్టి ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ లేదా ర్యాక్ ఎండ్ (ర్యాక్ వైపు ఉండే లోపలి కీలు) చూడాలి.

అపోహ: ర్యాక్ మీది స్క్రూ బిగిస్తే కొత్తదానిలా అవుతుంది.

వాస్తవం: రోజువారీ నడకలో స్టీరింగ్ ఎక్కువసేపు మధ్యలోనే ఉంటుంది కాబట్టి ర్యాక్ పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. మధ్యలోని ప్లే పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని చివరల్లో ర్యాక్ పట్టేస్తుంది. మలుపు తిప్పాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. లూజు స్టీరింగ్ కంటే ఇది ప్రమాదం. ఈ స్క్రూ జోలికి ఇంటి దగ్గర వెళ్లవద్దనే చెబుతాను.

అపోహ: గ్రీజు కొడితే సర్దుకుంటుంది.

వాస్తవం: పాత జీపుల కీళ్లకు గ్రీజు ఎక్కించే నిప్పల్ ఉండేది. చిన్న కార్లలో చాలావాటికి కీలు సీలు చేసి వస్తుంది, గ్రీజు పట్టించే దారే ఉండదు. చూడవలసింది కీలును కప్పి ఉంచే రబ్బరు బూటు. అది చిరిగితే ఈశాన్య రుతుపవనాల వానల్లో నల్లరేగడి బురద లోపలికి చేరి కీలును తినేస్తుంది.

అపోహ: పాత బండికి కొంత ప్లే మామూలే, నిదానంగా నడుపుకుంటే చాలు.

వాస్తవం: బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, బండి ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. బాల్ జాయింట్‌లో గాని టై రాడ్ ఎండ్‌లో గాని ఊగుడు కంటికి కనిపించిందంటే, ఆ బండిని ఊరు దాటించకండి.

టై రాడ్ ఎండ్ మీరే మార్చుకునేటట్టయితే, పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడి వచ్చిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించండి. నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉంటే పాతదాన్ని సాగదీసి మళ్లీ వాడకుండా కొత్తది వేయండి. అప్పుడు బండిని నెమ్మదిగా అలైన్‌మెంట్ షాపు దాకా నడపవచ్చు. అలైన్‌మెంట్‌కు వెళ్లవలసింది అప్పుడే.