ముందు దాల్మా, తర్వాత అన్నం

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో ఉండే మా పిన్నికి మధుమేహం ఉందని తెలిసి మూడేళ్లయింది. తెలిసిన మర్నాడే ఆమె అన్నం మానేసింది. రెండు పూటలా ఎండిన పుల్కాలు, చప్పిడి కాకరకాయ కూర. నలభై రోజులు ఆ పథ్యం నిలిచింది. ఆ తర్వాత ఒక వేసవి మధ్యాహ్నం, మహేంద్రతనయ నది ఒడ్డు ఇసుక సెగలు కక్కుతున్న రోజుల్లో, గిన్నెడు పఖాళ అన్నం ముందు పెట్టుకుని "ఇక నావల్ల కాదురా" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో తప్పు చేస్తూ పట్టుబడినట్టు నా వైపు చూసింది.

ఆ చూపు నన్ను చాలాకాలం వదల్లేదు. ఆమెలో పట్టుదల లేకపోలేదు. ఆమెకు మనం ఇచ్చిన పథ్యంలో రుచి లేదు. మధుమేహం పది రోజుల జ్వరం కాదు, దానితో ముప్పై నలభై ఏళ్లు కలిసి బతకాలి. అన్నేళ్లూ ఇష్టంగా తినగలిగేదే పథ్యం. అందుకే ఆమె వంటింట్లో ఇప్పటికే ఉన్న రుచుల్లోంచే వెతకడం మొదలుపెట్టాను.

పఖాళ మన చద్దన్నానికి ఒడియా తోబుట్టువు. వండిన అన్నాన్ని నీళ్లలో వేసి, రాత్రంతా పులియబెట్టి, మర్నాడు తింటారు. సరిహద్దు ఊళ్లలో రెండు పేర్లూ ఒకే ఇంట్లో వినిపిస్తాయి. అన్నంలోని పిండి పదార్థం గ్లూకోజు అణువుల పొడవాటి గొలుసులతో తయారైంది. ఉడికినప్పుడు అవి నీరు పీల్చుకుని ఉబ్బి, విడివిడిగా తెరుచుకుంటాయి. అప్పుడు జీర్ణరసాలు వాటిని చకచకా తెంచేస్తాయి, రక్తంలో చక్కెర వేగంగా పెరుగుతుంది. అన్నం చల్లారితే కొన్ని గొలుసులు మళ్లీ దగ్గరికి చేరి గట్టిగా అల్లుకుంటాయి. ఆ అల్లికను మన ఎంజైములు విప్పలేవు. అది అరగకుండానే పెద్దపేగుకు చేరి, అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది.

ఇంతవరకు విని "అయితే చద్దన్నం ఎంతైనా తినవచ్చు" అనేవారి మాట నేను ఒప్పుకోను. ఇండోనేషియా పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, వేడి అన్నంలో ఇలా అరగని పిండి పదార్థం వంద గ్రాములకు 0.64 గ్రాములు ఉంది. అదే అన్నాన్ని 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, మళ్లీ వేడి చేస్తే 1.65 గ్రాములైంది. రక్తంలో చక్కెర పెరుగుదల కూడా తగ్గింది. అయితే అందులో పాల్గొన్నది పదిహేను మంది ఆరోగ్యవంతులు, తేడా వంద గ్రాములకు ఒక గ్రాము. పఖాళలో అంతకన్నా పెద్ద మేలు వేరే ఉంది. గిన్నెలో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. పిన్ని ఇప్పుడు అన్నం పిడికెడు తగ్గించి, పెరుగు కలుపుకుని, పక్కన వేయించిన చేప ముక్కో తోటకూర వేపుడో పెట్టుకుంటోంది. గిన్నె చిన్నది కాలేదు, అందులో అన్నం తగ్గింది. రక్తపోటు ఉన్నవారు మాత్రం పఖాళలో ఉప్పు, పక్కన అప్పడాలు చూసుకోవాలి.

ఆమెకు అన్నిటికన్నా నచ్చిన మార్పు వడ్డన వరుస. 2015లోనే అమెరికాలో, మధుమేహం ఉన్న పదకొండు మందికి ఒకే భోజనాన్ని రెండు వేర్వేరు రోజుల్లో పెట్టారు. ఒక రోజు రొట్టె, పండ్లరసం ముందు. మరో రోజు కూరగాయలు, మాంసం ముందు, పావుగంట తర్వాత రొట్టె. భోజనం అదే, పరిమాణం అదే. కానీ కూరగాయలు ముందు తిన్న రోజున గంట తర్వాతి చక్కెర సుమారు 37 శాతం తక్కువగా నమోదైంది. పీచు, మాంసకృత్తులు ముందు లోపలికి వెళితే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, గ్లూకోజు ఒక్కసారిగా కాక నిదానంగా రక్తంలోకి వస్తుంది.

దీనికి ఒడియా వారి పప్పుకూర దాల్మా కన్నా మంచి వంట నాకు తెలియదు. కందిపప్పులో అరటికాయ, గుమ్మడి, ములక్కాడ, పచ్చి బొప్పాయి ముక్కలు ఉడికించి, చివర్లో వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. ఆ పొడి వాసనకే ఆకలి పుడుతుంది. పిన్ని ఒక గిన్నె దాల్మా ఒట్టిదే తిని, ఆ తర్వాత అన్నం వడ్డించుకుంటుంది. అన్నం దానంతట అదే సగానికి తగ్గింది. ఎవరూ వద్దనలేదు, కడుపు నిండిందంతే.

చోళ్ల సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. రాగులను మేము చోళ్లు అంటాం, ఒడియాలో మండియా. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్ తొలి ఏడు జిల్లాల్లో గజపతి, రాయగడ, కోరాపుట్ కూడా ఉన్నాయి. రాగుల్లో పీచు, కాల్షియం సమృద్ధిగా ఉంటాయి, నిజమే. కానీ మెత్తగా విసిరిన పిండిని బాగా కాచి, పలుచగా తాగితే అది త్వరగా అరుగుతుంది, చక్కెర కూడా త్వరగానే ఎక్కుతుంది. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 62 ఆహారాలను పరీక్షించి ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక అనే కొలతను పరిచయం చేసింది. ఆ తర్వాతి పరిశోధనలు పదే పదే చెప్పిన మాట, గింజ పేరు ఒక్కటే చాలదు, అది ఏ రూపంలో కడుపులోకి వెళుతుందో చూడాలని. అందుకే లోటాడు అంబలి కన్నా బరక పిండితో చేసిన చిన్న ముద్ద, దానికి తోడు ఉలవచారు మేలు. మరమరాలదీ, ఒడియాలో ముఢి, అదే కథ. ఒట్టి ముఢి నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది, రక్తంలోనూ అంతే వేగం. ఉడికించిన శనగలు, ఉల్లి, పచ్చిమిర్చి సగానికి సగం కలిపితే అది వేరే ఆహారం.

ఇక పనస. పండని పనసకాయ పిండి మీద శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలో, అంటే మాకు పక్క జిల్లాలోనే, నలభై మంది రోగులతో ఒక అధ్యయనం జరిగింది. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. రోజుకు 30 గ్రాముల బియ్యం లేదా గోధుమ పిండి బదులు ఆ పిండి వాడినవారికి 12 వారాల్లో హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు చక్కెర, కొంత తగ్గింది. చిన్న అధ్యయనమే, తగ్గుదలా చిన్నదే. అయినా పనసకాయ కూరను మాంసం కూరలా మసాలా పట్టించి వండుకునే మా ప్రాంతానికి అది ఎంత తీపి కబురు! పండిన తొనలు వేరు, వాటిలో చక్కెర ఎక్కువ. రెండు తొనలు భోజనం చివర తినవచ్చు, ఖాళీ కడుపుతో పది తొనలు కాదు. ఛెనా పోడా, అంటే పాల విరుగుడును కాల్చి చేసే ఒడియా మిఠాయి, ముక్కకూ అదే నియమం. తిన్నాక పది పదిహేను నిమిషాలు వీధి చివరి దాకా నడిస్తే కండరాలు కొంత గ్లూకోజును నేరుగా లాగేసుకుంటాయి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా హఠాత్తుగా అన్నం తగ్గించకూడదు. చక్కెర 70 కన్నా దిగితే చెమటలు, వణుకు, తికమక వస్తాయి. అప్పుడు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు, ఉలవలు ఎంత తినాలో వైద్యులను అడిగి నిర్ణయించుకోవాలి.

పిన్ని ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. కొత్త వంట తిన్న రోజున రెండు గంటల తర్వాత గ్లూకోమీటరుతో చూసి రాసుకుంటుంది. ఒట్టి ముఢి తిన్న రోజు 214, శనగలు కలిపిన రోజు 168. డాక్టరు ఆమెకు 180 దాటకూడదని చెప్పారు. ఆ రెండు అంకెలూ నాకు ఫోనులో చదివి వినిపిస్తున్నప్పుడు ఆమె గొంతులో చాలాకాలం తర్వాత పాత హుషారు వినిపించింది. నిన్న మళ్లీ ఫోను చేసి అడిగింది, "దాల్మాలో పనసగింజలు వేస్తే అవీ లెక్కలోకి వస్తాయా?" వస్తాయి పిన్నీ, అవీ పిండి పదార్థమే అన్నాను. నాలుగైదు వేసి, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించమని చెప్పాను.