‘తట్టుకునే రకం’ అనే మాట వెనుక

గుంటూరులో విత్తనాల కొట్టుకెళ్లి ఏ వరి రకం గురించి అడిగినా తరచూ వినిపించే మాట, ‘తెగులును తట్టుకుంటుందండీ’. ఈ ఒక్క మాటలో మూడు సంగతులు కలిసిపోయాయి. వైరస్‌ను మొక్క తనలో పెరగనివ్వకపోవడం ఒకటి. వైరస్ ఒంట్లో ఉన్నా దిగుబడి పెద్దగా పడిపోకపోవడం ఇంకొకటి. వైరస్‌ను మోసుకొచ్చే పురుగుకు లొంగకపోవడం మూడోది. వీటి మధ్య తేడా ఎంతుందో వరిలో టుంగ్రో తెగులు చూపించింది.

టుంగ్రో ఫిలిప్పీన్స్ మాట, పైరు ఎదుగుదల చెడిందని అర్థం. పచ్చ దీపపు పురుగు మోసుకొచ్చే వైరస్ వల్లే ఇది వస్తోందని 1960లలో అక్కడి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తేల్చింది. 1969లో ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్ పొలాల మీద విరుచుకుపడింది. అప్పటికే పొట్టి రకాలు దేశమంతా పాకుతున్నాయి. వాటిలో తైచుంగ్ నేటివ్-1 టుంగ్రోకు ఎంత తేలిగ్గా లొంగుతుందంటే, కొత్త రకాలను పరీక్షించేటప్పుడు పోలిక కోసం దాన్నే పక్కన నాటుతారు. అప్పటి గుంటూరు జిల్లా బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన మన సాంబా మసూరి వంశంలోనూ ఆ రకం ఉంది.

తెగులు సోకిన దుబ్బు గిడసబారి, ఆకులు కొన నుంచి పసుపు, నారింజ రంగులోకి తిరుగుతాయి. జింకు లోపమేమోనని, నత్రజని చాలలేదేమోనని రైతు యూరియా చల్లేస్తాడు. ఆ ఖర్చు చూస్తే నాకు బాధేస్తుంది. ఎండ ఎక్కకముందే ఆకు కొన తుంచి పావుగంట అయోడిన్ ద్రావణంలో ఉంచితే, తెగులున్న ఆకు మీద ముదురు నీలం చారలు తేలతాయి. లోపం ఏదో, తెగులు ఏదో అప్పుడు కొంతవరకు తెలుస్తుంది.

మొదట్లో శాస్త్రవేత్తలు పురుగుకు లొంగని రకాల మీదే ఆధారపడ్డారు. ఐఆర్ 64 లాంటివి కొన్నాళ్లు బాగానే నిలిచాయి. తర్వాత పురుగు వాటికీ అలవాటు పడింది, దాని వెంట తెగులూ వచ్చేసింది.

అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. టుంగ్రో వెనుక ఉన్నవి రెండు వైరస్‌లు. కడ్డీ ఆకారపుది మొక్కను పాడు చేస్తుంది, కానీ గుండ్రటి వైరస్ సాయం లేకుండా పురుగు దాన్ని మోయలేదు. గుండ్రటిది ఒక్కటే సోకిన మొక్క మాత్రం దాదాపు మామూలుగానే పచ్చగా కనిపిస్తుంది. ఈ గుండ్రటి వైరస్‌ను అడ్డుకునే గుణం ఇండోనేషియా వరి ఉట్రి మేరాలో ఉంది. దానికి కారణమైన జన్యువును 2010లో గుర్తించారు. 2018లో అదే జన్యువును ఐఆర్ 64లో సవరించి, వైరస్‌ను నిలువరించే మొక్కలు తెచ్చారు.

అందుకే కొట్లో ఆ మాట విన్నప్పుడు, ఆపుతుందా, ఓర్చుకుంటుందా అని అడగాలి. ఓర్చుకునే రకం వేసిన చేను చూడ్డానికి బాగానే ఉంటుంది, ఆ రైతుకు గింజలూ దక్కుతాయి. కానీ వైరస్ అందులోనే ఉంటుంది. అక్కడ కొద్ది నిమిషాలు రసం పీల్చిన పురుగు, గట్టు దాటి పక్కాయన సాంబా మసూరి నారుమడి మీద వాలుతుంది.