నీళ్లల్లో కరెంటు: జెట్టీ, కోనేరు, తెప్పల దగ్గర వినపడే అపోహలు, అసలు వాస్తవాలు

తిరుపతిలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తా ఉంటా. ఇళ్ల వైరింగ్ ఏడాదంతా ఉండేదే, సీజన్ వచ్చిందంటే మాత్రం నీళ్ల పక్కన పనులు ఎక్కువైపోతాయి. చవితి నిమజ్జనానికి చెరువు గట్ల మీద లైటింగ్, ఊళ్లల్లో తెప్పోత్సవాలకి తెప్ప డెకరేషన్, అప్పుడప్పుడు బోటింగ్ జెట్టీల్లో పోల్ లైట్లు, ప్లగ్ బాక్సులు. ఎక్కడికి పోయినా అవే మాటలు వినపడతాయి, కమిటీ వాళ్లే కాదు, మైక్ సెట్టోళ్లు, కొందరు వైర్‌మన్లు కూడా అదే చెప్తారు. అవన్నీ ఒకచోట రాసిపెడదామని ఇది.

అపోహ: "ఎంసీబీ ఉంది కదన్నా, ఏమన్నా అయితే అదే పడిపోతాది."

ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్, అది ఉండేది వైరు కాలకుండా, మనిషి కోసం కాదు. 16 యాంపుల ఎంసీబీకి 16 దాటితేనే చలనం, కొంచెం దాటితే అప్పుడు కూడా నిమిషాలు పడతాది. మనిషి లెక్క మిల్లీ యాంపుల్లో ఉంటుంది. ఒక మిల్లీ యాంపుకి జివ్వుమంటాది, 10 - 15 దగ్గర కండరాలు బిగుసుకుపోతాయి, 50 నుంచి 100కి వచ్చేసరికి గుండె లయ తప్పే ప్రమాదం. వంద మిల్లీ యాంపులతో మనిషి పోతా ఉంటే ఆ ఎంసీబీకి అది కనపడనే కనపడదు, దానికి కావాల్సింది అంతకి 160 రెట్లు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, పాతోళ్లు ఈఎల్‌సీబీ అంటా ఉంటారు. ఫేజులో (కరెంటు వచ్చే వైరు) పోయిన కరెంటు మొత్తం న్యూట్రల్లో (తిరిగిపోయే వైరు) వెనక్కి వచ్చిందా లేదా అని చూడడమే దాని పని, 30 మిల్లీ యాంపుల తేడా వస్తే 0.3 సెకన్ల లోపే ఆఫ్ చేసేస్తుంది. కొనేటప్పుడు మీదున్న నంబరు చూడండి. షాపుల్లో 100, 300 మిల్లీ యాంపులవి కూడా ఉంటాయి, అవి అగ్నిప్రమాదాల కోసం, మనిషి కోసం కాదు. పడవలు ఆగే మెరీనాలకి, వైరింగ్‌కి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364లో 709 అని వేరే భాగమే ఉంది, అందులో ప్రతి ప్లగ్గుకి విడివిడిగా 30 మిల్లీ యాంపులది ఉండాలి. అన్నిటికీ కలిపి ఒకటి చాలదా అంటారు. ఒకటే పెడితే ఒక సీరియల్ సెట్టు లీకైనా జెట్టీ అంతా చీకటి, అరుపులు మొదలైతాయి, ఎవడో ఒకడు పోయి దాన్ని బైపాస్ చేసేస్తాడు. జరిగేది అదే.

అపోహ: "ఎర్త్ రాడ్ కొట్టినాం, ఇంక భయం లేదు."

మనది రాళ్ల నేల, అందులోనూ ఏప్రిల్, మే వచ్చేసరికి ఎండిపోయి ఉంటుంది. ఎర్త్ రెసిస్టెన్స్ 20 ఓములు వచ్చింది అనుకోండి, 230ని 20తో భాగిస్తే 11.5 యాంపులు. పోల్ బాడీకి ఫేజు తగులుకున్నా 16 ఎంసీబీ పడదు, పోల్ లైవ్‌లోనే నిలబడి ఉంటాది, లైటు కూడా చక్కగా వెలుగుతా ఉంటాది కాబట్టి ఎవరికీ డౌట్ రాదు. ఎర్త్ వద్దనడం లేదు, ఎర్త్ ఉంటేనే ఆర్‌సీసీబీ ముందుగానే పడతాది, మనిషి వచ్చి ముట్టుకునేదాకా ఆగే పని ఉండదు. రెండూ కావాల. ఇంకొందరు మరీ తెలివిగా ఎర్త్ వైరు తీసుకుపోయి కోనేట్లో వేస్తారు, నీళ్లయితే మంచి ఎర్త్ అంట. లీకేజీ కరెంటుని మనమే చేత్తో పట్టుకెళ్లి జనాలు మునిగే నీళ్లల్లో పోసినట్టు అది. గట్టుకి దూరంగా పిట్ తీసి వేయండి సామీ.

అపోహ: "సముద్రం, ఉప్పునీళ్లే డేంజర్. కోనేరు నీళ్లు, చెరువు నీళ్లు పర్లేదు."

చదువుకున్నోళ్లు కూడా ఎక్కువ పడే అపోహ ఇదే. ఉప్పునీళ్లల్లో కరెంటు బాగా పారుతుంది అనేది నిజమే, ఆ నిజం పట్టుకునే తప్పు లెక్క వేస్తారు. నీళ్లల్లో మునిగి ఉన్న మనిషిని చూడండి, ఒంట్లో ఉండేది కూడా ఉప్పు కలిసిన నీళ్లే. సముద్రపు నీళ్లు మన ఒంటికంటే మంచి కండక్టర్, కాబట్టి కరెంటు చాలావరకు మనిషి చుట్టూ నీళ్లల్లోనే పోతాది. మంచినీళ్లల్లో అంతా తిరగబడుతుంది, ఆ నీళ్లకంటే ఒళ్లే మంచి కండక్టర్, దగ్గర్లో ఈదుతున్న మనిషిని కరెంటు వెతుక్కుని మరీ ఒంట్లో నుంచి పోతుంది. తల ఒకచోట, కాళ్లు ఇంకోచోట ఉంటాయి, ఆ రెండు చోట్ల నీళ్ల వోల్టేజిలో తేడా ఉంటే చాలు. అడుగు దూరానికి రెండు వోల్టుల తేడా ఉన్నా మనిషి కదల్లేని స్థితికి రావచ్చు అంటారు. వైరు ముట్టుకోవాల్సిన పనే లేదు.

మన దగ్గర పులికాట్ ఉంది కదా, చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు. అదన్నా సేఫా అంటే నెల చూసి చెప్పాల. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానలకి కాళంగి, ఆరణి నదుల నీళ్లు వచ్చి కలుస్తాయి, ఉప్పు తగ్గిపోతుంది. ఎండాకాలంలో ఏం కాలేదు కాబట్టి వానలయ్యాక కూడా ఏం కాదు అనే గ్యారంటీ లేదు. పైగా ఉప్పునీళ్లల్లో ఈదేవాడికి రిస్క్ తక్కువేమో గానీ తడి కాళ్లతో జెట్టీ మీద నిలబడి లీకైన ఇనుప పోల్ పట్టుకునేవాడికి ఏ నీళ్లయినా ఒకటే.

అదే వానలకి ఇంకో తలనొప్పి, నీటి మట్టం. జూన్‌లో నీళ్లు తక్కువ ఉన్నప్పుడు చూసి ప్లగ్ బాక్సు పెట్టి పోతారు, నవంబర్ కల్లా అది నీళ్లల్లో ఉంటుంది. 2021 నవంబర్ వానల్లో తిరుపతిని చూసినోళ్లకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

అపోహ: "మా పిల్లోళ్లకి ఈత బాగా వచ్చు, లైఫ్ జాకెట్లు కూడా ఉన్నాయి."

ఇక్కడ చంపేది చాలాసార్లు గుండె ఆగడం కాదు. పదీ పదిహేను మిల్లీ యాంపులకే చేతులు కాళ్లు బిగుసుకుపోతాయి, ఎంత ఈతగాడైనా మునిగిపోతాడు. ఎలక్ట్రిక్ షాక్ డ్రౌనింగ్ అంటారు దీన్ని. ఒంటి మీద కాలిన మచ్చ ఉండదు, పోస్ట్‌మార్టంలో నీళ్లు మింగి పోయినాడనే వస్తుంది, కరెంటుని ఎవరూ అనుమానించరు. 1999లో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌ల్యాండ్ దగ్గర పడవలు ఆగేచోట ఎనిమిదేళ్ల పిల్లోడు ఇట్లాగే పోయినాడు, లైఫ్ జాకెట్ వేసుకునే ఉన్నాడు. ముఖం నీళ్ల పైనే ఉన్న పిల్లోడు మునిగి ఎట్లా పోతాడు అనే ప్రశ్న నుంచే అక్కడ జనానికి ఈ విషయం బాగా తెలిసొచ్చింది. తర్వాత అక్కడి వైరింగ్ కోడ్ మారింది, 2017 ఎడిషన్‌లో డాకులకి 30 మిల్లీ యాంపుల ప్రొటెక్షన్ పెట్టమన్నారు. మంచినీళ్ల మెరీనాకి వంద గజాల లోపు ఈత కొట్టొద్దని అక్కడ బోర్డులు పెట్టమంటా ఉంటారు. మన జెట్టీల్లో చూస్తే లైటు పోలు పక్కనుంచే పిల్లోళ్లు నీళ్లల్లోకి దూకుతా ఉంటారు.

అపోహ: "టెస్టర్ పెట్టి చూసినా, వెలగలేదు."

టెస్టర్ చెప్పేది ఫేజు ఉందా లేదా అనే. లీకేజీ తెలియాలంటే మిల్లీ యాంపులు చూపించే లీకేజీ క్లాంప్ మీటర్ కావాల, ఫేజు న్యూట్రల్ రెండిటినీ కలిపి దాని నోట్లో పెట్టాల, సున్నా దగ్గర ఉంటే మంచిది. మామూలు క్లాంప్ మీటరుతో ఇది దొరకదు. కేబుల్‌కి మెగ్గర్ (ఇన్సులేషన్ చూసే మీటర్) 500 వోల్టుల మీద కొట్టి కనీసం ఒక మెగోమ్ (పది లక్షల ఓములు) వస్తేనే నీళ్ల దగ్గరికి పోనీయండి.

అపోహ: "టేప్ గట్టిగా చుట్టినాం." టేప్ జాయింటు నీళ్లల్లో ఆగదు. అంతే.

అపోహ: "జనరేటర్ కరెంటు షాక్ కొట్టదు."

ఇది పుట్టడానికి కారణం ఉంది, అందుకే వదలదు. చిన్న పోర్టబుల్ జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్‌ని బాడీకి గానీ భూమికి గానీ కలపరు. నేల మీద నిలబడి ఫేజు ఒక్కటే ముట్టుకుంటే కరెంటు తిరిగిపోయే దారి ఉండదు కాబట్టి ఏమీ అనిపించకపోవచ్చు. ఒకడికి అట్లా అయ్యింటుంది, ఊరంతా చెప్తాడు. తెప్ప మీద పరిస్థితి అది కాదు. ఒక సీరియల్ సెట్టులో న్యూట్రల్ వైరు తోలు లేచి నీళ్లల్లో వేలాడతా ఉంటుంది, దారి దొరికేసింది. ఇప్పుడు ఇంకోవైపు ఫేజు తగిలితే పూర్తి 230 నీళ్లల్లోనే.

ఇంకా మోసం ఏమిటంటే ఇట్లాంటి జనరేటర్ మీద ఆర్‌సీసీబీ పెట్టినా మొదటి ఫాల్టుకి అది పడదు, కానీ టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం టప్పున పడతాది. బటన్ పనిచేసేది లోపల ఉన్న రెసిస్టర్‌తో, దానికి ఎర్త్‌తో సంబంధం లేదు. బటన్ పడింది కదా అని సంతకం పెట్టేస్తారు. చేయాల్సింది, జనరేటర్ దగ్గర ఆర్‌సీసీబీకి ముందు ఒక్కచోట న్యూట్రల్‌ని, బాడీని ఎర్త్ రాడ్‌కి కలపాల, తర్వాత ప్లగ్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఆర్‌సీసీబీ టెస్టర్ పెట్టి చూడాల. జనరేటర్ గట్టు మీదే ఉండాల, తెప్ప మీద కాదు.

అసలు నన్నడిగితే తెప్ప మీదకి 230 ఎందుకు పోవాల? ఈతకొలనుల నీళ్లల్లో, ఫౌంటెన్లలో 12 వోల్టులు దాటొద్దనేది పాత నియమమే. ఇప్పుడు ఎల్ఈడీ స్ట్రిప్పులు 12 వోల్టులవి కూడా వస్తా ఉన్నాయి, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి పెడితే 200 వాట్ల లైట్లకి ఐదారు గంటలు సరిపోతుంది. మైక్‌కి కూడా 12 వోల్టుల ఆంప్లిఫైర్లు ఉన్నాయి. ఇక్కడే కొందరు 12 వోల్టుల అడాప్టర్ తీసుకుపోయి తెప్ప మీద పెట్టి దానికి గట్టు నుంచి 230 లాగుతారు, చేసిందంతా వృథా. చార్జింగ్ గట్టు మీద, బ్యాటరీ తెప్ప మీద.

అపోహ: "పడవ కట్టెది, ఫైబర్‌ది కదా." పడవ కరెంటు పట్టదేమో, దాంట్లోని చార్జర్, ప్లగ్, మోటార్ షాఫ్టు పడతాయి, షాఫ్టు ఉండేది నీళ్లల్లోనే.

అపోహ: "ఆర్‌సీసీబీ ఊరికే పడతా ఉంది, పీకేయండన్నా."

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే. ఊరికే పడదు. ఎక్కడో తడిసిన ప్లగ్, ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కి తగులుకోవడం, లేదంటే రెండు సర్క్యూట్ల న్యూట్రల్స్ కలిపేయడం, చాలావరకు ఈ మూడిట్లో ఒకటి ఉంటుంది. సెట్లన్నీ తీసేసి ఒక్కొక్కటి పెట్టుకుంటా రండి, దేనికి పడితే అది పక్కన పెట్టేయండి, పావుగంట పని.

ఒక మాట కూడా ఒప్పుకోవాల, 30 మిల్లీ యాంపులది పెట్టినాం కాబట్టి నీళ్లల్లో దిగినా పర్లేదు అనేది కూడా అపోహే. కండరాలు బిగిసేది 10 - 15కే అని పైన చెప్పినా కదా, 20 లీకవుతా ఉంటే అది పడొచ్చు, పడకపోవచ్చు. జనం స్నానాలకి దిగే టైంలో నీళ్ల మీద, నీళ్ల అంచున ఉన్న 230 లైన్లన్నీ మెయిన్‌లోనే ఆఫ్.

అపోహ: "ఎవరైనా మునుగుతా ఉంటే వెంటనే దూకాల."

ఒకడి కోసం దూకి ఇద్దరు ముగ్గురు పోయేది ఇట్లాగే. ముందు మెయిన్ ఆఫ్. దాని కోసం మెయిన్ స్విచ్ గట్టు మీద, అందరికీ కనపడేచోట, తాళం లేకుండా ఉండాల, వాచ్‌మన్ తాళంచెవి జేబులో వేసుకుని టీకి పోయినాడంటే కుదరదు. ఈలోపు ట్యూబో, తాడో, ఎండు వెదురు గడో విసరండి. లైను స్తంభం నుంచే తెగి నీళ్లల్లో పడి ఉంటే 1912కి చేసి లైన్ ఆపించాల, అంతవరకు ఎవరూ దిగొద్దు. మనిషి బయటికి వచ్చాక ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇస్తా సీపీఆర్, నిమిషానికి 100 - 120 నొక్కులు, పక్కవాడు 108కి ఫోన్.

నీళ్లల్లో ఉన్నది మీరే, ఒళ్లు జివ్వుమంటోంది అనుకోండి. మెట్ల ఇనుప రెయిలింగ్ వైపు రావొద్దు, పడవ వైపు పోవద్దు. అట్లా అనిపించక ముందు ఎక్కడ ఉన్నారో అటే వెనక్కి, కాళ్లు చేతులు దగ్గర పెట్టుకుని పోండి, "కరెంటు" అని గట్టిగా అరవండి. బయటపడ్డాక నాకేం కాలేదు అన్నా సరే ఆస్పత్రికి తీసుకుపోయి ఈసీజీ తీయించండి, మింగిన నీళ్లు ఊపిరితిత్తుల్లో చేసే గొడవ కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.