మోటారు కాలిపోతే: అపోహలు - వాస్తవాలు

అపోహ: "వైండింగ్ (మోటారు లోపలి రాగి తీగ చుట్లు) కాలిపోయింది" అంటే కారణం తెలిసినట్టే.

వాస్తవం: కాలడం ఫలితం మాత్రమే. మా రీవైండింగ్ షాపులో నేను జాబ్ కార్డులో (రిపేరు వివరాల చీటీలో) మూడు సంగతులు విడివిడిగా రాస్తాను: ఏమైంది, ఎలా అయింది, ఎందుకైంది. ఉదాహరణకు, వైండింగ్ కాలింది. మూడు ఫేజుల్లో (కరెంటు లైన్లలో) ఒకటి పోయి, మిగతా రెండు లైన్లలో కరెంటు పెరిగి కాలింది. ఫ్యూజు వదులై ఆ ఫేజు పోయింది. రీవైండింగ్‌తో బాగయ్యేది మొదటిదే.

అపోహ: కాలిన కాయిల్స్‌లో చూసేదేముంది, కోసి స్క్రాప్‌లో వేయడమే.

వాస్తవం: అసలు సాక్ష్యమంతా అక్కడే ఉంటుంది, దయచేసి కోసే ముందు ఫొటో తీయండి. చుట్టూ ఒకేలా నల్లబడితే ఓవర్‌లోడ్, లో వోల్టేజి, గాలి ఆడకపోవడం లాంటివి చూడాలి. స్టార్ కనెక్షన్‌లో (మూడు ఫేజుల కాయిల్స్ ఒక చివర కలిసే పద్ధతి) రెండు ఫేజులు మాడి మూడోది బాగుంటే సింగిల్ ఫేజింగ్, అంటే ఒక ఫేజు పోయాక కూడా మోటారు నడవడం. డెల్టాలో (కాయిల్స్‌ను త్రికోణంలా కలిపే పద్ధతి) అదే జరిగితే ఒక్క ఫేజే మాడుతుంది. కాకపోతే వోల్టేజిలో తేడా ఉన్నా ఒక ఫేజు మాడొచ్చు. మూడున్నర శాతం తేడా చాలు, ఆ ఫేజు వేడి సుమారు 25 శాతం పెరుగుతుంది. ఒక్కచోటే రాగి కరిగి ఉంటే ఇన్సులేషన్ దెబ్బతింది. అది మా చేతి పొరపాటు కూడా కావచ్చు, ఒప్పుకోవాలి.

ఒక రైతు 5 హెచ్‌పీ మోనోబ్లాక్‌ను (మోటారూ పంపూ ఒకటిగా ఉండేదాన్ని) ఒకే సీజన్‌లో మూడోసారి తెచ్చారు. "వైరు నాసిరకం వేశారంటావా అన్నా?" అని అడిగారు. స్టార్ కనెక్షన్ మోటారది. విప్పితే రెండు ఫేజులు బొగ్గులా ఉన్నాయి, మూడోది రాగి రంగులో మెరుస్తోంది. స్టార్టర్ కూడా తెమ్మన్నాను. కాంటాక్టర్‌లో (స్టార్టర్‌లో కరెంటును కలిపే స్విచ్చులో) ఒక పాయింటు మాడి గుంటపడి ఉంది. ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే పరికరాన్ని) బైపాస్ చేసి, అంటే పనిచేయకుండా తప్పించి ఉంది.

అపోహ: ఇంకేం, బైపాస్ చేసినవాళ్లదే తప్పు.

వాస్తవం: ఎందుకు చేశారో అడగాలి. రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోంది, నారుమడి ఎండిపోతోంది, ఆ టెన్షన్‌లో చేశారు. ఫేజు పోతున్నందుకే రిలే ట్రిప్ అవుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. "మనిషి తప్పు" అని రాసి ఊరుకుంటే ఆ మాడిన పాయింటు ఎప్పటికీ బయటపడేది కాదు.

అపోహ: బేరింగ్ పోయిందంటే కంపెనీ సరుకు బాగాలేదు.

వాస్తవం: ఐఎస్ఓ 15243 ప్రమాణంలో బేరింగ్ దెబ్బలు ఆరు రకాలు: అలసట, అరుగుదల, తుప్పు, కరెంటు పారి గుంటలు పడటం, సొట్టలు, పగుళ్లు. సరుకు లోపమని తేల్చే ముందు ఇవన్నీ చూడాలి.

ఆ రైతు స్టార్టర్‌లో పాయింట్లు మార్చాం, రిలే మళ్లీ కలిపి నేమ్‌ప్లేటు మీది ఆంపియర్లకు సెట్ చేశాం. మీరూ మోటారు తెచ్చేటప్పుడు, మెయిన్ ఆపించి, స్టార్టర్‌నూ విప్పించి తీసుకురండి.